కొత్త పద్ధతికి ముందు వచ్చేదెవరు, ఆగి చూసేదెవరు: డ్రోన్ సేవ పెట్టిన యువకుడికి జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారు డ్రోన్‌తో పొలాలకు పురుగుమందు చల్లే సేవ మొదలుపెట్టారు. మండలంలో కొద్దిమంది రైతులు పిలిచి మరీ చల్లించుకున్నారు. ఎక్కువమంది గట్టు మీద నిలబడి చూసి వెళ్లిపోతున్నారు. కొందరైతే పొలం దరిదాపులకు కూడా రానివ్వడం లేదు. కొత్త సాంకేతికతను అందుకోవడంలో మనుషులు ఐదు రకాలని ఆయన చదివారు. ఎవరు ఏ రకమో పోల్చుకోవడం ఎలా, ఎవరితో ఎలా మాట్లాడాలి, చివరి రకాన్ని వదిలేయవచ్చా, మొదట్లో ఉచితంగా చల్లి చూపించాలా అన్నవి ఆయన సందేహాలు.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణ పనిలోనే, అంటే కొత్త పద్ధతులను రైతుల దగ్గరికి చేర్చే పనిలోనే, ఉద్యోగకాలం గడిపినవాణ్ణి. విత్తనాలు, యంత్రాలు, సాగు పద్ధతులు ఊళ్లలోకి రావడం, కొన్ని పాతుకుపోవడం, కొన్ని వచ్చినట్టే వచ్చి కనబడకుండా పోవడం దగ్గర నుంచి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రైతు ముఖం చూసి అతను ఏ రకమో తేల్చుకోవాలనుకుంటే ఆ శ్రమ వృథా. పని చెడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది, దాన్ని చేతులతో చేయాల్సింది ఎవరు, కొంచెంలో చేసి చూసే వీలుందా అని విచారించండి. ఎవరు ముందు వస్తారో, ఎవరు ఆగుతారో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

ఆ ఐదు రకాల లెక్కకు మూలం అమెరికాలోని అయోవా రాష్ట్రపు మొక్కజొన్న చేలు. 1920ల చివర అక్కడ హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం అమ్మకానికి వచ్చింది. దిగుబడి సుమారు 20 శాతం ఎక్కువ, బెట్టకు తట్టుకుంటుంది, కాడ వాలిపోదు. చిక్కు ఒక్కటే. మంచి కంకులు ఏరి మరుసటి ఏటికి విత్తనంగా దాచుకునే అలవాటు వదులుకొని ఏటేటా డబ్బు పెట్టి కొనాలి. బ్రైస్ రయాన్, నీల్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు ఊళ్ల పరిధిలో 259 మంది రైతులను కలిసి, ఈ విత్తనం గురించి మొదట ఎప్పుడు విన్నారు, ఎవరి ద్వారా విన్నారు, ఎవరి మాట మీద వేశారు అని ఆరా తీసి 1943లో ప్రచురించారు. 1941 నాటికి ఇద్దరు తప్ప అందరూ హైబ్రిడ్‌కు మారారు. కానీ విన్ననాటి నుంచి వేసిననాటి వరకు ఒక్కో రైతుకు సగటున 9 ఏళ్లు పట్టింది. వేసినవారు కూడా మొదటి ఏడు చిన్న పొలం చెక్కలోనే వేశారు. పొలమంతా మారడానికి మరో మూడు నాలుగేళ్లు పట్టింది. ఇంత లాభసాటి విత్తనం విషయంలోనే ఇలా జరిగింది. ఒక సీజన్‌లో మండలమంతా పిలవలేదని మీరు దిగులు పడాల్సిన పని లేదు.

ఇలాంటి పరిశోధనలన్నిటినీ కూర్చి 1962లో ఎవరెట్ రోజర్స్ ఐదు తరగతులు గీశారు. సాహసించి దూకేవారు 2.5 శాతం, వారి వెనుక నలుగురూ మాట వినే పెద్దరైతులు 13.5 శాతం, ఆలోచించి వచ్చేవారు 34, అందరూ వచ్చాక వచ్చేవారు 34, చివరివారు 16. ఈ అంకెలు ఏ ఊళ్లోనూ తలలు లెక్కపెట్టి తేల్చినవి కావు. గణితంలో గంట ఆకారంలో గీసే వక్రరేఖను సగటుకు ఇటూ అటూ ప్రామాణిక విచలనం (సగటు నుంచి అంకెలు ఎంత చెదిరాయో చెప్పే కొలత) చొప్పున కోస్తే వచ్చే ముక్కలు అవి. కాబట్టి మా ఊళ్లో 400 మంది రైతులున్నారు, వారిలో సాహసికులైన ఆ 10 మంది ఎవరని వెతకడం అర్థం లేని పని. మాకు శిక్షణ తరగతుల్లో ఈ బొమ్మ బోర్డు మీద గీసి చూపించేవారు, ఈ ఒక్క ముక్క మాత్రం చెప్పేవారు కాదు.

రోజర్స్ కూడా అయోవా రైతు బిడ్డే. వాళ్ల నాన్నకు యంత్రాలంటే మహా ఇష్టం. హైబ్రిడ్ విత్తనాన్ని మాత్రం ఏళ్ల తరబడి నమ్మలేదు. 1936 కరవులో పొరుగువారి హైబ్రిడ్ చేను నిలబడి, తన చేను వాడిపోయాక గాని ఆయన మనసు మారలేదు. ఇప్పుడు ఆయన్ను ఏ గడిలో వేస్తారు? యంత్రాల దగ్గర ముందు వరుస, విత్తనాల దగ్గర చివరి వరుస. మన ఊళ్లలోనూ అంతే. ట్రాక్టర్‌కు కొత్త రోటావేటర్ అందరికంటే ముందు తెచ్చినవారే, కాలువ నీళ్ల విషయంలో పాత పద్ధతిని అంగుళం కదపనివ్వరు. తరగతులు ఒక్కో వస్తువుకు సంబంధించినవి గాని, మనిషి నుదుటి మీద రాసిపెట్టినవి కావు.

ముందు వచ్చేవారి సంగతి చూద్దాం. మన శాఖలో వీరికి ‘అభ్యుదయ రైతు’ అని పేరు. వీరిలో చాలామందికి సొంత భూమి, సొంత బోరు, ఒక పంట పోయినా ఇల్లు గడిచే మరో ఆదాయం ఉంటాయి. తెలివి, ఆసక్తి లేవని కాదు. ఆసక్తి ఉన్న పేదవాడు ఊళ్లో మరో పదిమంది ఉంటారు, వారికి ఓడిపోయే స్తోమత ఉండదు, అంతే. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్ 8 అనే అధిక దిగుబడి వరి వేసి చూపించారు. అప్పటికి ఆ వంగడం విడుదలై ఏడాది కూడా నిండలేదు. ఆ పంట చూడడానికి చుట్టుపక్కల నుంచి జనం వచ్చారు, ఆయన పేరు ఐఆర్ 8 సుబ్బారావుగా నిలిచిపోయింది. అలాంటివారు లేకుండా ఏదీ మొదలుకాదు. కానీ ఐఆర్ 8 కథ అక్కడితో ముగియలేదు. గింజ ముతక, అన్నం చల్లారితే గట్టిపడేది, మరలో ఆడిస్తే నూకలెక్కువ. పొలంలో గెలిచింది గాని కంచంలో నిలవలేదు. తర్వాత 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి స్వర్ణ వరి, 1986లో బాపట్ల కేంద్రం నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వచ్చాక, రైతు నుంచి రైతుకు బస్తాల్లో విత్తనం చేతులు మారి, ప్రచారం అంతగా అవసరం లేకుండానే రాష్ట్రాలు దాటింది. ఎక్కువ పండడం ఒక్కటే చాలలేదు. పండినదాన్ని ఎవరు కొంటారు, ఎవరు తింటారు అన్నది కూడా కుదరాల్సి వచ్చింది.

మిమ్మల్ని మొదట పిలిచినవారి విషయంలో నా హెచ్చరిక ఇదే. వారి పొలం, వారి ఖర్చు లెక్కలు పక్క రైతువి కావు. 20 ఎకరాల ఆసామికి డ్రోన్ అంటే ఒక్క ఉదయంలో అయ్యే పని, కూలీల కోసం నాలుగు రోజులు తిరిగే బాధ తప్పడం. రెండెకరాల రైతు తన తైవాన్ స్ప్రేయర్‌ను తానే భుజాన వేసుకుంటాడు. అతని లెక్కలో తన కష్టానికి కూలి లేదు. కాబట్టి ఆసామి పొలంలో తీసిన వీడియో చూపించి చిన్న రైతును ఒప్పించలేరు. పెద్దవాళ్లకు ఏదైనా చెల్లుతుంది అనుకొని అతను వెళ్లిపోతాడు. మా శాఖ చేసిన పెద్ద పొరపాటు కూడా ఇదే అంటాను. ప్రతి కొత్త పథకానికీ ప్రదర్శన క్షేత్రం అదే రైతు పొలంలో, రోడ్డు పక్కన, అదే బోర్డు. రాయితీ స్ప్రేయర్లూ అక్కడికే, టార్పాలిన్లూ అక్కడికే. కొన్నాళ్లకు ఆ పొలంలో ఏం పండినా, ఎరువులు ప్రభుత్వానివేగా అని ఊరంతా తేలిగ్గా తీసుకునేది.

మధ్యలో ఉండే ఆ పెద్ద గుంపు ఎవరి మాట వింటుంది? అయోవాలో వార్తను ముందు మోసుకొచ్చింది విత్తనం అమ్మే ఏజెంటు. వేయాలా వద్దా అని తేల్చింది పొరుగు రైతు. ఇక్కడ ఏజెంటుకూ పొరుగు రైతుకూ మధ్య మరో మనిషి ఉంటాడు, మందుల షాపు యజమాని. విత్తనం, ఎరువు, మందు అరువుకు ఇచ్చేది ఆయనే, పంట వచ్చాక వడ్డీతో కలిపి తీసుకునేదీ ఆయనే. తెగులు సోకిన ఆకు పట్టుకొని రైతు మొదట వెళ్లేది అక్కడికే. మీ డ్రోన్ వల్ల మందు అమ్మకం తగ్గుతుందని ఆయనకు అనుమానం వచ్చిందంటే, ఒక్క మాట చాలు. ‘ఇంకో ఏడాది చూద్దాంలే’ అన్నాడంటే మీ పని ఆ ఏటికి ఆగినట్టే. మీరు కలవాల్సినవారి జాబితాలో ఆయన పేరు పైన ఉండాలి.

పొరుగువారిని చూసి నేర్చుకోవడం మంచిదే గాని, చూసి నేర్చుకోవడం వేరు, చూసి వేయడం వేరు. అమెరికా మానవశాస్త్రవేత్త గ్లెన్ డేవిస్ స్టోన్ వరంగల్ జిల్లా పత్తి గ్రామాల్లో ఏళ్ల తరబడి పనిచేసి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆయన చూసింది ఏమిటంటే, ఒక ఊరు ఊరంతా ఒక కంపెనీ విత్తనం వెంట పడుతుంది, పక్క ఊళ్లో మరో విత్తనానికి గిరాకీ, తర్వాత రెండేళ్లకు ఆ పేర్లే వినిపించవు. ఎందుకు వేశావంటే ‘అందరూ వేశారు’ అన్నదే జవాబు. ఏటేటా పేర్లు మారే వందల రకాల ప్యాకెట్లలో ఏది తన నేలకు నప్పిందో రైతు తన కళ్లతో చూసి తేల్చుకునే అవకాశమే లేకుండా పోయింది. ఇది తెలివితక్కువతనం అనను. తెలుసుకునే దారి మూసుకుపోయినప్పుడు ఎవరైనా చేసేది అదే. పత్తి విత్తనాల దుకాణం ముందు ఒకే పేరు కోసం చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కాచుకున్న రైతులను చూసినవారికి ఇది కొత్త సంగతి కాదు. అలా వచ్చిన గిరాకీ అలాగే పోతుంది. మీ డ్రోన్‌కు ఒక ఊళ్లో ఒక్కసారిగా గిరాకీ పెరిగితే సంబరపడి రెండో డ్రోన్‌కు అప్పు చేయకండి. ఎందుకు పిలుస్తున్నారో కారణం చెప్పగలిగినవారు ఎంతమందో చూసుకోండి.

కాయతొలుచు పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తిలోనే మరో ముచ్చట ఉంది. మన దేశంలో దానికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటి పలికిన రోజుల్లో అది కలిగినవారి పంటగానే ఉండేది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి ధరను 750 రూపాయలకు దింపించాక చిన్న రైతులకూ అందింది. ఆ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం విడిగా ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేస్తే పురుగులు బీటీ విషానికి త్వరగా అలవాటు పడవని శాస్త్రం. బీటీ గింజ వేసిన చేతులే ఆ చిన్న ప్యాకెట్‌ను గట్టు మీద పడేశాయి. మొదటిదాని లాభం ఈ ఏడే, తన జేబులోకే. రెండోదాని లాభం ఎప్పుడో, అందరికీ కలిపి. పోయేది మాత్రం తన చేలో నాలుగు సాళ్లు. తర్వాతి కాలంలో గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకొని తిరిగి వచ్చింది. కారణాలు ఇంకా ఉన్నాయి గాని ఇది చిన్న కారణమేమీ కాదు. ముందు వరుస రైతులు సైతం ఆ ప్యాకెట్ విషయంలో చివరి వరుసలోకి వెళ్లారని గమనించండి.

ఇక చివరివారు. వీరిని ‘వెనుకబడినవారు’ అని రాసే అలవాటు నాకు నచ్చదు. నా అనుభవంలో వద్దన్న రైతు చెప్పే కారణం పది సార్లలో ఏడెనిమిది సార్లు వినదగ్గదే. డ్రోన్ సంగతే తీసుకోండి. మామూలుగా ఎకరం వరికి పది ట్యాంకుల మందునీళ్లు కొడతారు. కూలీకి డబ్బు కూడా ట్యాంకు లెక్కనే. మీరు వచ్చి పది లీటర్లు పోసి, పది నిమిషాల్లో ఎకరం అయిపోయిందంటారు. ఆకు తడిసినట్టు కనిపించదు, అడుగున నీటిచుక్క ఉండదు. మందు నిజంగా పడిందా అని అతను అడగడంలో తప్పేముంది? ఎకరానికి వేసే మందు మోతాదు అదేనని, తగ్గింది నీళ్లేనని, బొట్టు సన్నగా ఉండి ఆకంతా పరుచుకుంటుందని మీరు వివరించాలి. వివరిస్తే చాలదు. తెల్ల కాగితం ముక్కలు పైరు మధ్య రెండు మూడు ఎత్తుల్లో క్లిప్పులతో తగిలించి, రంగు కలిపిన నీళ్లు ఒకసారి చల్లి, ఆ కాగితాలు అతని చేతికే ఇవ్వండి.

అప్పుడు మీకు కూడా ఒక విషయం తెలుస్తుంది. పై కాగితాల మీద చుక్కలు దండిగా ఉంటాయి, దట్టంగా దుబ్బు కట్టిన వరిలో అడుగు కాగితం మీద తక్కువ ఉంటాయి. సుడిదోమ కూర్చునేది సరిగ్గా ఆ అడుగునే, నీళ్లకు జానెడు పైన. అందుకే నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటలు వదలమని, మందు మొదళ్లకు తగిలేలా కొట్టమని శాఖ ఎప్పటి నుంచో చెబుతోంది. డ్రోన్ రెక్కల గాలి పైరును కొంత విడదీస్తుంది నిజమే. కానీ ‘దోమకు ఇది పనికొస్తుందా’ అని ఒక ముసలి రైతు అడిగితే, ఆయన్ను చాదస్తుడనుకోకండి. మీ శిక్షణలో చెప్పని సంగతి ఆయన చెబుతున్నాడు. ఆకుముడత పురుగుకు చల్లిన చేత్తోనే, కాలిబాటలు లేని చేలో ముదిరిన దోమపోటుకూ చల్లి డబ్బు తీసుకుంటే, వారం తర్వాత చేను సుడులు సుడులుగా ఎండుతుంది. ఆ ఒక్క చేను చూసి వంద మంది వెనక్కు పోతారు. అలాంటిచోట వద్దని మీరే చెప్పండి.

పక్క పొలం వాడి అభ్యంతరం మరో రకం. మీ ఖాతాదారు వరికి కలుపుమందు చల్లిస్తే గాలికి తేలి అతని మిరప మొక్కలు ముడుచుకోవచ్చు. దగ్గర్లో మల్బరీ తోట ఉంటే ఆ ఆకు తిన్న పట్టుపురుగులు చస్తాయి, రొయ్యల చెరువు ఉంటే ఇంకా గొడవ. ఆ పక్క రైతు సాంకేతికతకు వ్యతిరేకి కాదు. లాభం ఒకరికి, నష్టం తనకు అవుతుంటే ఎవరు ఒప్పుకుంటారు?

చివరి వరుసలో ఎక్కువమంది కౌలు రైతులు ఉంటారని ఏ ఊరు చూసినా తెలుస్తుంది. చాలా కౌళ్లు నోటిమాట మీద, ఏడాదికే. వచ్చే ఏడు ఆ పొలం తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు బిందుసేద్యం పైపులు ఎందుకు పరుస్తాడు? రాయితీ అడిగితే పట్టాదారు పాసుపుస్తకం తెమ్మంటారు, అది భూయజమాని బీరువాలో ఉంటుంది. ఇతను సాంబ మసూరి విత్తనాన్ని మాత్రం అందరితో పాటే వేశాడు, ఎందుకంటే దాని ఫలం ఆ పంటకాలంలోనే చేతికొస్తుంది. మీది కూడా ఒక్క పంటకాలానికి సరిపోయే సేవే. పెట్టుబడి అక్కర్లేదు. కాబట్టి కౌలు రైతు మీకు చివరివాడు కానక్కర్లేదు. అడ్డం ఒకటే, చేతిలో రొక్కం ఉండదు.

చేతులతో చేయాల్సింది ఎవరు అన్న ప్రశ్నకు శ్రీ వరిని మించిన పాఠం లేదు. మడగాస్కర్‌లో పుట్టిన ఈ పద్ధతిని 2003 ఖరీఫ్‌లో మన దగ్గర పొలాల్లోకి తెచ్చారు. 8 నుంచి 12 రోజుల లేత నారు, కుదురుకు ఒక్క మొక్క, 25 సెంటీమీటర్ల ఎడం, ఎకరానికి రెండు కిలోల విత్తనం, ఆరుతడి, కోనోవీడర్ అనే చేత్తో తోసే పరికరంతో కలుపును అక్కడికక్కడే నేలలో తొక్కేయడం. సరిగ్గా చేసినచోట దుబ్బులు చూడముచ్చటగా వచ్చేవి. రైతులు చూశారు, ఒప్పుకున్నారు, చాలామంది చేశారు కూడా. తర్వాత ఎక్కువమంది మానేశారు. రైతు మొండితనం అందామా? నాటేది రైతు కాదు. గుత్తకు వచ్చే ఆడకూలీల ముఠా. వాళ్లకు ఎకరానికి ఇంతని లెక్క, ఎంత త్వరగా నాటితే అంత గిట్టుబాటు. మార్కర్ గీసిన గీతల కూడలిలో, రెండాకుల మొక్కను వేరు తెగకుండా, ఒక్కటొక్కటిగా పెట్టమంటే పని నెమ్మదిస్తుంది, రేటు మాత్రం పెరగలేదు. నల్లరేగడి బురదలో కోనోవీడర్ తోయడమంటే మగవాడికే నడుం విరిగే పని. ఇక నీళ్లు. బోరు ఉన్న రైతు ఆరబెట్టి తడిపి చూసుకోగలడు. కాలువ కింద మడి నుంచి మడికి నీళ్లు పారే చోట పైవాడు వదిలితేనే, కిందివాడు ఒప్పితేనే. పైగా 2004 నుంచి వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితం, ఆదా చేసిన నీళ్లకు రూపాయి రాదు. శాఖ మాత్రం శిక్షణలన్నీ రైతుకే ఇచ్చింది. నాట్ల ముఠా మేస్త్రీని పిలిచి కూర్చోబెట్టి, అమ్మా, ఈ పద్ధతికి ఎంతిస్తే మీకు గిట్టుబాటవుతుంది అని అడిగిన శిక్షణ శిబిరం నాకు తెలిసి బహు అరుదు.

దీనికి పూర్తిగా ఎదురు కథ వరికోత యంత్రానిది. దానికోసం సదస్సు పెట్టినవారు లేరు, కరపత్రం వేసినవారు లేరు. మొదట్లో పంజాబ్ నుంచి లారీల మీద ఎక్కించుకొని కోతల కాలానికి తెచ్చేవారు, గంటకు ఇంతని బాడుగ. కూలీలు దొరకక పంట నేలరాలుతున్న రోజుల్లో అది వచ్చింది. రైతు కొననక్కర్లేదు, నేర్చుకోనక్కర్లేదు, ఎకరం కోయించి నచ్చకపోతే పంపేయవచ్చు. సాహసికులు, చివరివారు అన్న తేడా దాదాపు చెరిగిపోయి, కొద్ది సీజన్లలోనే ఊళ్లకు ఊళ్లు మారాయి. బురద పొలాలకు టైరు మిషన్ దిగబడుతుంటే చైను మిషన్ వచ్చింది. ఆగినవారు ఎవరంటే పాడి ఉన్నవారు. మిషన్ కోస్తే గడ్డి తుక్కుగా చేలోనే చెల్లాచెదురవుతుంది, గేదెలకు ఏం వేయాలి? గడ్డివాము కోసం అరెకరమో ఎకరమో చేత్తో కోయించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. చేలో పరిచిన గడ్డిని చుట్టి మోపులు కట్టే బేలర్ వచ్చాక వారూ మిషన్‌నే పిలిచారు. వారికి ఎవరూ హితబోధ చేయలేదు. వారి ఇబ్బందిని తీర్చే వస్తువు వచ్చింది, వారు వచ్చారు.

ఫోన్‌తో డబ్బు చెల్లించడంలోనూ ఇదే చూశాం. యూపీఐ 2016 ఏప్రిల్‌లో మొదలైంది, ఆ నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయి చాలామందిని అటు నెట్టింది. అయినా బజ్జీల బండి ఆయన కొన్నాళ్లు వెనకాడాడు. చేతులకు పిండి, ఎదుట నూనె మూకుడు, నలుగురు గిరాకీలు ఒకేసారి ఫోన్ తిప్పి చూపిస్తుంటే డబ్బు పడిందో లేదో ఆయనకెలా తెలుస్తుంది? వచ్చిన మొత్తాన్ని తెలుగులో పైకి చదివే చిన్న స్పీకర్ డబ్బా బండి మీదికి చేరాక ఆ బెంగ తీరింది. ఆయనకు డిజిటల్ అక్షరాస్యత లేదని అంతవరకు ఉపన్యాసాలిచ్చినవారికి ఆ డబ్బా ఆలోచన తట్టలేదు.

ఇక మీ పని. డ్రోన్‌కు వరికోత యంత్రం లక్షణాలు చాలా ఉన్నాయి. బాడుగ సేవ, చిన్న చెక్కలో చేసి చూసే వీలు, ఫలితం గట్టు మీద నుంచి కనిపిస్తుంది. మందు కొట్టే మనిషి ఒంటికి విషం తగలదన్నది మరో పెద్ద మేలు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. నిలువెత్తు పత్తిలో, మందు తుంపర పీలుస్తూ కొట్టడం ఎలా ఉంటుందో కొట్టినవారికే తెలుసు. ఈ మాట రైతుకంటే ముందు ఇంటి ఆడవాళ్లకు చెప్పండి, వాళ్లు పట్టించుకుంటారు. కానీ ఆ మందు కొట్టే పనితోనే సీజన్ గడుపుకునే కూలీలు కూడా మీ ఊళ్లోనే ఉంటారు. వాళ్లలో ఒకరిద్దరు చురుకైన కుర్రాళ్లను మందు కలపడానికి, బ్యాటరీలు మార్చడానికి పెట్టుకోండి. ఏ పొలంలో ఏ మూల తెగులు మొదలవుతుందో వాళ్లకు తెలిసినంత మీకు తెలియదు. మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే కేంద్ర పథకం 2023 నవంబరులో మంజూరైంది. మీ మండలంలో అలాంటి సంఘం ఉంటే పోటీగా చూడకుండా పని పంచుకోండి. ఊళ్లో రెండు డ్రోన్లు తిరిగితేనే అది మామూలు విషయంగా కనిపిస్తుంది.

ఉచితంగా చల్లాలా అన్నారు. వద్దు. ఉచితంగా వచ్చినదాన్ని ఎవరూ శ్రద్ధగా పరిశీలించరు, తర్వాత డబ్బడిగితే తగువు. దానికి బదులు, మధ్యతరగతి రైతుల్లో ముగ్గురు నలుగురిని ఎంచుకోండి. మూడు నుంచి ఐదెకరాలు ఉన్నవారు, మాట్లాడే అలవాటు ఉన్నవారు, చివరగా, అభ్యుదయ రైతు బోర్డు లేనివారు. సగం పొలానికి మీరు చల్లండి, మిగతా సగం వారి కూలీలతో ఎప్పటిలాగే కొట్టించమనండి. అదే రోజు, అదే మందు. నడుమ కర్ర పాతండి. వారం పదిరోజుల తర్వాత రెండు వైపులా పురుగును లెక్కపెట్టే పని రైతుకే వదిలేయండి. రెండు వైపులా ఒకేలా ఉంటే అదే మీ గెలుపు, ఎందుకంటే మీ వైపు ఖర్చు, సమయం తక్కువ. కౌలు రైతులకు బాకీ పెట్టి, ధాన్యం డబ్బు పడ్డాక ఇమ్మనండి. అందరికీ కాదు, ఊళ్లో ఒకరు పూచీ ఉన్నవారికి. గాలి ఎక్కువ ఉన్న పూట పిలిచినా వెళ్లకండి, వెళ్లకపోవడానికి కారణం చెప్పండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సినది ఒకటుంది. ఒక తడవ చల్లించుకొని రెండో తడవకు మిమ్మల్ని పిలవనివారి పేర్లు రాసుకోండి. అసలు రానివారి వెంట పడే ముందు వారి ఇళ్లకు వెళ్లండి. నాజిల్ మూసుకుపోయి ఒక సాలు వదిలేసిందో, తాటిచెట్ల కింద మూల మిగిలిపోయిందో, పక్క మడి వాడితో మాటామాటా వచ్చిందో, మీరు చెప్పిన వేళకు రాక కలిపిన మందు పాడైపోయిందో, అడిగితే దాచకుండా చెబుతారు.